ఔత్సాహిక కారు పందాలు

ఔత్సాహిక కారు పందాలు అనగా జీతం కోసమో, బహుమతి సొమ్ము కోసమో కాక సొంత ఖర్చుతో, ఆసక్తి కొద్దీ పాల్గొనేవారి కోసం క్లబ్బులు నిర్వహించే మోటారు పందాలు. వీటిని క్లబ్ రేసింగ్ అని కూడా అంటారు. ఈ పందాలలో చాలాసార్లు డ్రైవరే కారుకు యజమాని, మెకానిక్కు, పోషకుడు కూడా. తెలుగులో "పందెం" అనే మాటకు జూదమనే అర్థం కూడా ఉన్నది. ఇక్కడ ఎవరూ ఏమీ ఒడ్డరు గాని, ఇంటికి తిరిగి వచ్చేసరికి జేబు ఖాళీ కావడంలో రెండింటికీ పోలిక లేకపోలేదు.

కొత్తగా ఈ రంగంలోకి రాదలచినవారు సాధారణంగా "కారు ఎంతకు వస్తుంది?" అని అడుగుతారు. నిజానికి కారు వెల మొత్తం ఖర్చులో చిన్న భాగమే. అసలు ఖర్చు కారు కొన్న మరునాటి నుండి మొదలవుతుంది. ఆ ఖర్చును అదుపులో ఉంచడానికి నిర్వాహకులు నిబంధనలు చేయడం, పోటీదారులు వాటిలో సందులు వెదకడం, నిబంధనలను మళ్ళీ సవరించడం - ఔత్సాహిక పందాల చరిత్రలో ఎక్కువ భాగం ఇదే.

చరిత్ర

ఇంగ్లాండులో 750 మోటార్ క్లబ్ 1939లో ఏర్పడింది. ఆస్టిన్ 7 అనే చిన్న, చౌకైన కారును ఇష్టపడేవారు దీనిని స్థాపించారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఆ కారు భాగాలతోనే పందెపు కార్లు తయారు చేసుకొనేందుకు "750 ఫార్ములా" అనే నిబంధనావళిని ఈ క్లబ్బు రూపొందించింది. సామాన్యుడు తన షెడ్డులో తానే కారు కట్టుకొని పందెంలో దిగాలన్నది దీని ఉద్దేశం. తరువాతి కాలంలో లోటస్ సంస్థాపకుడిగా ప్రసిద్ధుడైన కాలిన్ చాప్‌మన్ 1951లో ఈ తరగతిలో పోటీ చేశాడు. ఆస్టిన్ 7 ఇంజనులో రెండేసి సిలిండర్లకు ఒకే దారి గుండా గాలి, ఇంధనం అందేవి. చాప్‌మన్ ఆ దారిని చీల్చి ఒక్కొక్క సిలిండరుకు విడివిడిగా అందేటట్లు చేసి, మిగిలిన కార్లను సులువుగా వెనుకకు నెట్టాడు. ఆ తరువాత ఆ ఉపాయాన్ని నిబంధనలలో నిషేధించారు. తెలివిని నిషేధించారని దీనిని విమర్శించవచ్చు గాని, అలా చేయకపోతే అందరూ అదే మార్పు చేయించుకోవలసి వచ్చి పందెం ఖరీదయ్యేది.

అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఎస్.సి.సి.ఏ.) 1944లో ఏర్పడింది. 1960ల తొలినాళ్ళలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు భాగాలతో తయారయ్యే ఫార్ములా వీ అనే తరగతి అక్కడ వ్యాపించింది. 1967లో ఇంగ్లాండులోని బ్రాండ్స్ హాచ్ ట్రాక్‌లో ఫార్ములా ఫోర్డ్ ప్రారంభమైంది. ఫోర్డ్ కోర్టినా కారు ఇంజను, రోడ్డు మీద వాడే మామూలు టైర్లు దీని ప్రత్యేకత. మొదట్లో కారు వెల 1,000 పౌండ్లు మించరాదని కూడా నియమం పెట్టారు. నికి లౌడా ఫార్ములా వీ నుండి, జేమ్స్ హంట్, అయర్టన్ సెన్నా ఫార్ములా ఫోర్డ్ నుండి ఫార్ములా 1 దాకా ఎదిగారు. అయితే ఆ తరగతులలో కారు నడిపినవారిలో అత్యధికులు సోమవారం ఉదయం తమ ఉద్యోగాలకు తిరిగి వెళ్ళినవారే.

ఖర్చులు

పందెపు కారులో త్వరగా అరిగిపోయే వస్తువులే ఎక్కువ. పందెపు టైరు పైకి బాగానే కనిపించినా, వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ దాని పట్టు కొంత తగ్గుతుంది. కాబట్టి అరగక ముందే పనికిరాకుండా పోతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. అలా తేమ చేరిన ద్రవం పందెపు వేడికి మరిగి ఆవిరి బుడగలు కడితే, తొక్కిన పెడలు మెత్తగా కిందికి పోతుందే తప్ప కారు ఆగదు. అందుచేత రోడ్డు కారులో రెండేళ్ళకొకసారి మార్చే ద్రవాన్ని ఇక్కడ కొన్ని పోటీలకొకసారి మార్చవలసి ఉంటుంది. వీటికి తోడు పెట్రోలు, ప్రవేశ రుసుము, కారును ట్రాకు దాకా చేర్చే బండి, అక్కడ బస, సహాయకుల భోజనం - ఇవి ఏ జాబితాలోనూ పెద్దవిగా కనబడవు గాని, కలిపితే కారు వెలను త్వరలోనే దాటిపోతాయి.

రక్షణ సామగ్రి లెక్క వేరు. కారు లోపల ఉక్కు గొట్టాలతో అమర్చే పంజరం (రోల్ కేజ్), అగ్నిమాపక పరికరం, పందెపు సీటు, భుజాలను, నడుమును కట్టి ఉంచే పట్టీలు, మంటలను తట్టుకొనే దుస్తులు, హెల్మెట్ తప్పనిసరి. ఢీకొన్నప్పుడు తల ముందుకు విసురుగా వంగి మెడ విరగకుండా ఆపే హాన్స్ పరికరాన్ని 1980లలో అమెరికాలో రాబర్ట్ హబ్బార్డ్ అనే ఆచార్యుడు, ఆయన బంధువైన రేసు డ్రైవరు జిమ్ డౌనింగ్ తయారు చేశారు. 2003 నుండి ఫార్ములా 1లో ఇది తప్పనిసరి అయింది. ఆ తరువాత క్లబ్ పందాలకూ వ్యాపించింది. ఈ సామగ్రిలో కొన్నింటికి మందుసీసాలకు ఉన్నట్లే గడువు తేదీ ఉంటుంది. ఉదాహరణకు అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్.ఐ.ఏ.) ఆమోదించిన పట్టీలు తయారైన ఐదేళ్ళకు చెల్లకుండా పోతాయి. ఒక్కసారి మాత్రమే వాడినా అంతే. హెల్మెట్లకు ప్రమాణాలు నిర్ణయించే స్నెల్ సంస్థ సుమారు ఐదేళ్ళకొకసారి కొత్త ప్రమాణాన్ని ప్రకటిస్తుంది. ఆ కొద్దీ పాత ప్రమాణం హెల్మెట్లను క్లబ్బులు అంగీకరించడం మానివేస్తాయి. పాత పందెపు కారును చవకగా కొన్నామని సంతోషించేవారు మొదట చూడవలసినది ఇంజనును కాదు, ఈ చీటీల మీది తేదీలను.

అన్నిటికన్నా పెద్ద ఖర్చు ముందుగా లెక్కలోకి రాదు. అది కారు దెబ్బ తినడం. భారతదేశంలో మామూలు మోటారు బీమా పాలసీలో పందాలు, వేగ పరీక్షలు వంటి వాడకాన్ని స్పష్టంగా మినహాయిస్తారు. ఇతర దేశాలలోనూ సాధారణంగా ఇదే పద్ధతి. పక్కవాడు తప్పు చేసి మన కారును ఢీకొన్నా, బాగు చేయించుకొనే ఖర్చు మనదే. ఈ ఆటలో ఎవరూ ఎవరికీ నష్టపరిహారం చెల్లించరు. అందుచేత అనుభవజ్ఞులు కొత్తవారికి ఇచ్చే సలహా ఒకటే: మొత్తం పోయినా బాధపడని కారుతోనే పందెంలో దిగాలి.

ఇంత ఖర్చుకు ఎంతసేపు కారు నడపగలం అన్నది చాలామంది వేసుకోని లెక్క. చిన్న పందెం 20 నుండి 30 నిమిషాలలో ముగుస్తుంది. సాధన, అర్హత పోటీలు కలుపుకొన్నా శని, ఆదివారాలలో ట్రాకు మీద గడిపేది ఒకటి రెండు గంటలే. మొత్తం ఖర్చును ఆ నిమిషాలతో భాగిస్తే వచ్చే అంకె కంగారు పుట్టిస్తుంది. చాలా గంటలు సాగే పందాలలో నలుగురైదుగురు ఒకే కారును వంతులవారీగా నడుపుతూ ఖర్చును పంచుకొంటారు గనుక, నిమిషానికి అయ్యే ఖర్చు అక్కడ బాగా తగ్గుతుంది.

నియమాలు కూడా ఖర్చును పూర్తిగా ఆపలేవు. మాజ్డా మియాటా అనే చిన్న కారుకు మాత్రమే ప్రవేశమున్న "స్పెక్ మియాటా" తరగతి ఇందుకు నిదర్శనం. అందరిదీ ఒకే కారు, ఒకే రకం టైర్లు కావడంతో ఇది అమెరికాలో ఎంతో ఆదరణ పొందింది. కాని ముందు వరుసలో ఉండదలచినవారు నిబంధనలకు లోబడే, నిపుణులచేత ఇంజనును విప్పించి అణువణువూ సరిచేయించి బిగింపజేస్తారు. అటువంటి ఇంజను వెల పాత మియాటా కారు వెలను మించడం అక్కడ మామూలే. ఒక దారి మూస్తే డబ్బు మరొక దారి వెదుక్కొంటుంది.

నిమ్మకాయల పందెం

2006లో అమెరికాలోని కాలిఫోర్నియాలో జే లామ్ అనే పాత్రికేయుడు ప్రారంభించిన "24 అవర్స్ ఆఫ్ లెమన్స్" ఈ సమస్యకు హాస్యంతో జవాబు చెప్పింది. అమెరికా వాడుకలో నిమ్మకాయ (లెమన్) అంటే కొన్న తరువాత మోసపోయామని తెలిసే పాడు కారు. ఫ్రాన్సులో జరిగే ప్రసిద్ధ ల మాన్ 24 గంటల పందెం పేరుకు ఇది వెక్కిరింపు కూడా. ఇందులో కారు విలువ 500 డాలర్లు మించరాదు. అంతకన్నా ఎక్కువ అని న్యాయనిర్ణేతలు భావిస్తే, ప్రతి 10 డాలర్లకు ఒక చుట్టు చొప్పున ఆ జట్టు లెక్క నుండి తీసివేస్తారు. అన్నిటికన్నా గొప్ప బహుమతి కూడా మొదట వచ్చిన కారుకు కాదు, ఇది కదలడమే గొప్ప అనిపించి చివరిదాకా నిలిచిన కారుకు ఇస్తారు. పేరులో 24 గంటలు ఉన్నా చాలా పోటీలు రెండు పగళ్ళలో ముగుస్తాయి.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఈ 500 డాలర్ల లెక్కలోకి పంజరం, సీటు, పట్టీలు, బ్రేకులు, టైర్లు రావు. పంజరానికే కొన్ని వేల డాలర్లు అవుతాయి. అంటే ప్రపంచంలో అతి చవకైనదిగా పేరు పొందిన పందెంలో కూడా డ్రైవరును బతికించే ఉక్కుకు అయ్యే ఖర్చు, కారు వెలకు ఎన్నో రెట్లు. దానిలో పొదుపు చేయడానికి ఈ పరిహాసప్రియులు కూడా ఒప్పుకోలేదు.

భారతదేశంలో

భారతదేశంలో మోటారు పందాలకు చెన్నై, కోయంబత్తూరు ముఖ్య కేంద్రాలు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. చెన్నై నుండి నెల్లూరు వెళ్ళే దారిలో ఉన్న షోలవరంలో, రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే మీద ఈ క్లబ్బు చాలాకాలం పందాలు నిర్వహించింది. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు ఏర్పాటు చేసుకొన్నది. దేశంలో డ్రైవర్లకు లైసెన్సులు ఇచ్చే అధికారం 1971లో ఏర్పడిన ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియాది.

చవకైన పందెపు కారును ఈ దేశానికి అందించిన ఘనత కోయంబత్తూరుకు చెందిన ఎస్.కరివర్ధన్‌ది. ఆయన మారుతి 800 కారు ఇంజనుతో ఒంటి సీటు కారును రూపొందించాడు. 1988లో మొదలైన ఈ ఫార్ములా మారుతి తరగతి, ఇంగ్లాండులో ఆస్టిన్ 7, అమెరికాలో బీటిల్ చేసిన పనినే ఇక్కడ చేసింది. విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరికేవి. 2005లో ఫార్ములా 1లో ప్రవేశించిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా తొలినాళ్ళలో ఈ కారు నడిపినవాడే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. మారుతి స్విఫ్ట్ 1300 సిసి ఇంజనుతో నడిచే ఎల్.జి.బి. ఫార్ములా 4 ఆ తరువాతి తరం కారు. 2010లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో కప్ వంటి పోటీలలో కార్లను కంపెనీయే సిద్ధం చేసి ఇచ్చి, డ్రైవర్ల నుండి రుసుము తీసుకొనేది. కారు కొనలేనివారికి ఇది అనుకూలమే గాని, తన కారును తానే బాగు చేసుకొని నేర్చుకొనే అవకాశం ఈ పద్ధతిలో ఉండదు.

తెలుగు ప్రాంతాలవారికి దూరం కూడా ఒక ఖర్చే. తిరుపతి, నెల్లూరులలో ఉండేవారికి చెన్నై ట్రాకు కొన్ని గంటల దారి. హైదరాబాదు నుండి 600 కిలోమీటర్లకు పైగా కారును మోసుకొని వెళ్ళాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెం వృత్తి డ్రైవర్లకు చెందినది. ఊరి నడుమ తాత్కాలికంగా వేసిన అటువంటి ట్రాకు స్థానిక ఔత్సాహికుల సాధనకు ఉపయోగపడదు. ఔటర్ రింగ్ రోడ్డు వంటి చోట్ల అర్ధరాత్రి పందాలు వేయడం దీనికి ప్రత్యామ్నాయం కానేకాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా బహిరంగ రహదారిపై పందెం వేస్తే మొదటి తప్పుకు మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ప్రతిఫలాలు

డబ్బు రూపంలో ప్రతిఫలం దాదాపు శూన్యం. గెలిచినవారికి కప్పు, కొన్ని తరగతులలో టైరు కంపెనీ ఇచ్చే ఉచిత టైర్లు లేదా తగ్గింపు కూపన్లు దక్కుతాయి. అయినా ఏళ్ళ తరబడి దీనిని వదలనివారు చెప్పే కారణాలు వేరు. కారు పట్టు తప్పే క్షణాన్ని ముందే పసిగట్టి సరిదిద్దడం, చూపును దూరంగా నిలపడం, బ్రేకును మోతాదుగా వదలడం వంటి నేర్పు రోడ్డు మీద ఎన్నేళ్ళు నడిపినా రాదు. రాత్రంతా కూర్చొని బిగించిన ఇంజను తెల్లవారి పందెంలో నిలబడినప్పుడు కలిగే తృప్తి మరొకటి. తనతో పోటీపడేవాడికే తన దగ్గరున్న విడిభాగం ఇచ్చి అతడిని పందెంలో నిలబెట్టే అలవాటు క్లబ్బులలో విస్తృతంగా ఉన్నది. కారు లేకుండా వచ్చిన ప్రత్యర్థిని ఓడించడంలో ఆనందం లేదు గదా.

వయసు దీనికి పెద్ద అడ్డంకి కాదు. అమెరికన్ నటుడు పాల్ న్యూమన్ నలభై ఏళ్ళు దాటిన తరువాత పందాలలోకి వచ్చి ఎస్.సి.సి.ఏ. జాతీయ టైటిళ్ళు గెలిచాడు. 1979లో ల మాన్ పందెంలో రెండవ స్థానం పొందిన జట్టులో ఉన్నాడు. సికింద్రాబాదులో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ 2003లో ఫార్ములా బీఎండబ్ల్యూ ఆసియాలో, 2010లో ఫార్ములా 2లో పోటీ చేశాడు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల పందెంలో ఆయన జట్టు తన విభాగంలో మూడవ స్థానం సాధించింది. ఆ పందెం సాధనలోనే ఆయన కారు గోడను ఢీకొని నుజ్జయింది.

ప్రమాదాలు

2023 జనవరి 8న చెన్నై ట్రాకులో జరిగిన జాతీయ స్థాయి పందెంలో 59 ఏళ్ళ అనుభవజ్ఞుడు కె.ఇ.కుమార్ ప్రమాదంలో మరణించాడు. రక్షణ సామగ్రి ప్రమాదాన్ని తగ్గిస్తుందే గాని తొలగించదు. ట్రాకులోకి వెళ్ళే ముందు ప్రతి డ్రైవరు సంతకం చేసే పత్రంలో ఉండేది ఈ సంగతే. కొత్తవారు దానిని చదవకుండా సంతకం చేయడం పరిపాటి.

ప్రవేశ మార్గాలు

తక్కువ ఖర్చుతో మొదలు పెట్టదలచినవారికి ఆటోక్రాస్ అనువైనది. విశాలమైన మైదానంలో శంకువుల మధ్య ఒక్కొక్క కారును విడిగా నడిపించి సమయం లెక్కిస్తారు. మామూలు కారు, హెల్మెట్ ఉంటే చాలు. వేగం తక్కువ, పక్కన మరో కారు ఉండదు. గో-కార్టింగ్ మరొక మార్గం. పందెంలో దిగాలంటే శిక్షణ, వైద్య పరీక్ష, లైసెన్సు అవసరం.

విద్యార్థులకు వేరే దారి ఉన్నది. ఇంజనీరింగు విద్యార్థులు తామే రూపొందించిన వాహనాలతో పోటీపడే బాజా పోటీలు 2007లో మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో మొదలయ్యాయి. ఒంటి సీటు కార్లకు కోయంబత్తూరులో ఫార్ములా భారత్ జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలల జట్లు వీటిలో పాల్గొంటుంటాయి. ఏమీ ఖర్చు పెట్టలేనివారు ట్రాకు పక్కన జెండాలు చూపే మార్షల్‌గా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడికన్నా మలుపుకు దగ్గరగా నిలబడే హక్కు మార్షల్‌కు మాత్రమే ఉంటుంది.