అష్టాంగ యోగ శిబిరం: మైసూరు చరిత్ర చెప్పే మోతాదు

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాలలో నడివయస్సు దాటిన యోగసాధకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "డాక్టరు గారూ, పదేళ్లుగా అష్టాంగ సాధన చేస్తున్నాను. అనుభవజ్ఞుల కోసం వారం రోజుల ఉన్నత శిబిరం పెడుతున్నారు. వెళ్లవచ్చునా?" దీనికి సమాధానం వైద్యశాస్త్రంలో సగమే ఉన్నది. తక్కిన సగం చరిత్రలో ఉన్నది.

పతంజలి యోగసూత్రాలలో అష్టాంగమనగా యమం మొదలు సమాధి వరకు ఎనిమిది అంగాలు. ఆసనం వాటిలో ఒకటి. నేటి శిబిరాలలో నేర్పే అష్టాంగ విన్యాసం, శ్వాసతో ఆసనాలను వరుసగా ముడివేసిన పద్ధతి. ఇది గత శతాబ్దంలో మైసూరులో రూపుదిద్దుకొన్నది.

1933లో నాలుగవ కృష్ణరాజ ఒడయరు పోషణలో తిరుమలై కృష్ణమాచార్యులు జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాలను ప్రారంభించారు. అక్కడి విద్యార్థులలో అధికులు బాలురు, యువకులు. నేలపై కూర్చొని చదివి, నేలపై కూర్చొని భుజించిన దేహాలవి. 1927లో హాసన్‌లో కృష్ణమాచార్యుల ప్రదర్శన చూచి, పన్నెండేళ్ల వయస్సులో ఆయనకు శిష్యుడైన పట్టాభి జోయిస్ 1948లో మైసూరులో స్వంత సంస్థను నెలకొల్పి, ఈ పద్ధతిని దేశదేశాలకు అందించారు.

అదే గురువు చరిత్రలో మరొక అధ్యాయమున్నది. 1950లో యోగశాల మూతపడిన తరువాత కృష్ణమాచార్యులు మద్రాసు చేరారు. అక్కడ రోగులకు, వృద్ధులకు ఒక్కొక్కరికి విడివిడిగా, వయస్సును ఆరోగ్యాన్ని పరిశీలించి సాధనను నిర్ణయించారు. 1989లో, నూరేళ్లు నిండిన పిమ్మట పరమపదించారు. గురువు ఒక్కరే. శిష్యుని దేహాన్ని బట్టి మోతాదు మారినది.

మైసూరు పద్ధతిలోనూ మోతాదున్నది. ఒక ఆసనం కుదిరిన తరువాతనే గురువు తదుపరి ఆసనాన్ని ఇచ్చేవారు. వారానికి ఒకరోజు విశ్రాంతి, అమావాస్య పౌర్ణములకు సెలవు. మొదటి వరుసకు యోగచికిత్స అని పేరు. నెలలు, సంవత్సరాలు పట్టే ఆ క్రమాన్ని వారం రోజులలో బిగించినపుడు చికిత్స గాయమయ్యే అవకాశమున్నది.

ఎల్బీనగర్ నుంచి మెట్రోలో వెళ్లి రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చొనేవారి తుంటి కీలు బిగుసుకొని ఉంటుంది. పద్మాసనంలో తుంటి తిరగకపోతే, ఆ మెలిక మోకాలిపై పడి లోపలి మృదులాస్థి చిరగవచ్చును. ముందుకు వంగే ఆసనాలు అతిగా చేస్తే తొడ వెనుక కండరం పిరుదు ఎముకను అంటుకొనేచోట దెబ్బతింటుంది. శీర్షాసనంలో కంటిలోని ఒత్తిడి పెరుగుతుంది కనుక గ్లకోమా ఉన్నవారు దానిని మానవలెను. ఈ గాయాలకు అనుభవం అడ్డుగోడ కాదు. నొప్పిని ఓర్చుకొనే అలవాటు అనుభవజ్ఞులకే ఎక్కువ.

మరొక మాట చెప్పక తప్పదు. 2009లో జోయిస్ మరణించిన తరువాత, ఆసనం సరిదిద్దే పేరుతో ఆయన తమను అనుచితంగా తాకారని పలువురు శిష్యురాళ్లు బహిరంగంగా వెల్లడించారు. 2019లో ఆయన మనుమడు శరత్ జోయిస్ అందుకు విచారం తెలిపారు. గురుభక్తి ఎంత ఉన్నా, దేహంపై అధికారం సాధకునిదే.

కనుక నా సమాధానం ఇది. వెళ్లండి. వెళ్లేముందు రక్తపోటు, కళ్లు, మోకాళ్లు పరీక్షించుకోండి. మీ పాత గాయాల గురించి నిర్వాహకులు అడుగుతారో లేదో చూడండి. "ఈ ఆసనం నేను చేయను, నన్ను తాకవద్దు" అని మొదటి రోజే చెప్పి, వారి ముఖం గమనించండి. ఆ మాట రుచించని చోట రెండవ రోజు ఉండవద్దు.