బందరు లడ్డు - స్థలనామస్వత్వము

ఆహారమును ఋతువును బట్టి వర్ణించుట తెలుఁగు కావ్యములందుఁ బ్రసిద్ధము. ఆముక్తమాల్యదయందు విష్ణుచిత్తుఁ డతిథులకుఁ బెట్టు భోజనము కాలమును బట్టి మాఱుచుండును. దేశమును బట్టి యాహారమును బేర్కొనుట చాటువులందుఁ గానవచ్చును. శ్రీనాథునివని చెప్పఁబడు పద్యములలో జొన్నకూడు పలనాటికి గుర్తుగా నిలిచినది. ఈ రెండవ తెఱఁగు భావమే నేఁడు చట్టముల కెక్కి భౌగోళిక సూచిక యను పేరఁ బరఁగుచున్నది. ఒక వస్తువు పేరిలోని యూరిపేరు ఆ యూరివారి దాయమా, లేక వర్తకులెల్లరు వాడుకొనఁదగిన సామాన్యశబ్దమా? ఈ ప్రశ్నమును విచారించుటకు బందరు లడ్డు చక్కని యుదాహరణము.

భారతదేశమున నీ విషయమైన చట్టము 1999లోఁ బుట్టి, 2003 సెప్టెంబరు 15 నుండి యమలులోనికి వచ్చెను. ఆ నమోదు కార్యాలయము చెన్నపట్టణమునఁ గలదు. తొలుత నమోదైనది డార్జిలింగు తేయాకు. తెలుఁగుసీమ తినుబండములలోఁ దిరుపతి లడ్డు 2009లోను, హైదరాబాదు హలీము 2010లోను, బందరు లడ్డు 2017లోను, ఆత్రేయపురపుఁ బూతరేకులు 2023లోను ఈ గౌరవమును బడసినవి.

బందరనఁగా మచిలీపట్టణము. అది గోలకొండ సుల్తానుల కాలమున ముఖ్యమైన రేవు. ఆంగ్లేయవర్తకులు 1611లో నచ్చట దిగిరి. 1864 నవంబరు 1వ తేదీనాఁటి యుప్పెనలో సుమారు 30,000 మంది మడిసిరి. ఓడల వర్తకము క్షీణించినను ఊరిపేరు మఱుగుపడలేదు. ఆ పేరును నిలిపినవానిలో నీ మిఠాయి యొకటి. బుందేలుఖండమునుండి వలసవచ్చిన బొందిలీలు దీనిని దెచ్చిరని యచ్చటి ప్రతీతి. శనగపిండిని సన్నని పూసలుగా వేయించి, దంచి, జల్లించి, బెల్లపుఁ బాకము గలిపి, నేయి చేర్చుచు మరల రోఁకలితో దంచి, యేలకులపొడి వేసి యుండలు చుట్టుదురు. తొక్కుడు లడ్డను నామాంతర మీ దంపుడువలననే కలిగినది.

పొరుగుదేశమునుండి వచ్చినదానికి బందరు పేరెట్లు చెల్లునని యొక యాక్షేపము. శనగలు గాని బెల్లము గాని బందరునేలకే ప్రత్యేకములు కావు. అయినను చట్టమడుగునది వస్తువు యొక్క జన్మస్థానము గాదు. దాని గుణమో, ఖ్యాతియో, మఱియొక లక్షణమో ముఖ్యముగా నా స్థలమువలనఁ గలుగవలెను. చేసెడు వస్తువుల విషయమున, తయారీలో నేదేని యొక దశ యచ్చట జరుగవలెను. ఫ్రాన్సునందలి రోక్ఫోరు జున్నునకు గొఱ్ఱెపాలు చుట్టుపట్టు సీమలనుండి వచ్చును. జున్ను పక్వమగుట మాత్ర మా యూరి గుహలలోనే జరుగవలయును. 1411లోనే యా హక్కు రాజశాసనమున రోక్ఫోరువారికిఁ గలిగెను. 1925లో నది చట్టముచే స్థిరపడెను. రసగుల్లకై వంగోత్కళములు జన్మస్థానము గూర్చి వాదులాడినను, వంగదేశపు రీతికి 2017లోను, ఉత్కళరీతికి 2019లోను వేర్వేఱుగా నమోదు కలిగెను. కావున ఒకచోటఁ బుట్టుట వేఱు, ఒకచోట స్థిరపడి పేరుగాంచుట వేఱు. బందరు లడ్డు రెండవ తెగకుఁ జేరినది.

పేరు కాపాడఁబడనిచో నేమగునో మైసూరు పాకమే చెప్పుచున్నది. అది నేఁడు ప్రతి యూరి యంగడిలోను జేయఁబడుచున్నది. కొనువాఁడెవ్వఁడును అది మైసూరునుండి వచ్చినదని తలఁపఁడు. ఊరిపేరు వంటకపుఁ బేరులోఁ గరఁగిపోయినది. అట్లు సామాన్యమైపోయిన పేరునకుఁ జట్టమున రక్షణము లేదు.

ఈ స్వత్వము భూమివలె అమ్మఁదగినది గాదు. తాకట్టు పెట్టఁదగినదియుఁ గాదు. ఇది యుత్పాదకుల సమూహమునకుఁ జెందును. పదేండ్ల కొకమాఱు నమోదును బునరుద్ధరింపవలెను. తప్పుగా వాడువానికి ఆఱునెలలు మొదలు మూఁడేండ్లవఱకు కారాగారమును, ధనదండమును గలవు. తిరుపతి లడ్డు విషయమున నొక్క దేవస్థానమే హక్కుదారగుటపై నాక్షేపణ బయలువెడలుటకుఁ గారణ మీ సమూహభావమే. బందరున నట్లుగాక పలువురు చేయువారు గలరు. కాని సమూహమునకు నమోదు కలిగినంతమాత్రమునఁ బ్రతి తయారీదారునికి హక్కు చేతికందదు. ఎవరికి వారే యధికృత వినియోగదారులుగాఁ బేరు వ్రాయించుకొనవలెను. చిన్న యంగడివాఁ డీ వ్యవహారమెఱుఁగక వెలుపల నిలిచినచో, తాతల పేరు తనకే పరాయిదగును. మఱియు చట్టము పేరును గాచును గాని రోఁకలిని గావదు. చేయువారు దంపుడు మానిరేని పత్రము మిగులును, పదార్థము పోవును.

ఇందుఁ బండితులకును బనిగలదు. దరఖాస్తుతో వస్తువు యొక్క పుట్టుపూర్వోత్తరములకు నిదర్శనములు జతపఱుపవలయును. శాసనములు, కైఫీయతులు, చాటువులు, పాత లెక్కపుస్తకములు, వృద్ధుల నోటిమాటలు సాక్ష్యమునకు వచ్చును. పాఠశాలలవారు తమతమ గ్రామములందలి వంటకముల పేరులను, పనిముట్లను, చేయు క్రమమును, చేసినవారి నోట విని వ్రాసియుంచినచో, రేపటి వివాదమున నా వ్రాఁత ప్రమాణమగును. బొందిలీల ప్రతీతి యింతకాలము నోటిమాటగానే నడచినది. చెప్పువారుండఁగనే దానిని గ్రంథస్థము చేయుట యుక్తము.