ఇసుకలో దిద్దిన పరీక్ష

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి నుంచి 1823 ఆగస్టులో వెళ్లిన నివేదిక మిగతావాటి లాంటిది కాదు. రాసినవాడు అక్కడి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్, 1816లోనే తెలుగు వ్యాకరణం వెలువరించిన మనిషి. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క చెప్పి ఊరుకోలేదు. బడిలో చదువు ఎలా నడుస్తోందో కూడా రాశాడు.

అయిదేళ్ల పిల్లవాడు ముందు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దాలి. చెయ్యి తిరిగాకే తాటాకూ గంటమూ, లేదా కాగితమూ కలమూ. తరగతులు సాధారణంగా నాలుగు. పిల్లవాడి శక్తిని, ప్రగతిని బట్టే పై తరగతి. కింది తరగతులకు పెద్ద పిల్లలు చెబుతారు, పంతులు కన్ను అందరి మీదా ఉంటుంది. ఇసుకలో తప్పు రాస్తే చెరిపి మళ్లీ దిద్దించడం ఎంతసేపు! పిల్లలు పిల్లలకు చెప్పడంతో చెప్పేవాడి చదువు కూడా గట్టిపడుతుందని క్యాంప్‌బెల్ మెచ్చుకున్నాడు.

బెత్తమూ ఉంది. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు; ఆలస్యమైనవాళ్లకు దెబ్బలు. అర్థం తెలియకుండా వల్లె వేయించడాన్ని ఆయన గట్టిగానే తప్పుపట్టాడు. ఆ లోపాన్ని వెనకేసుకురావడం కుదరదు.

ఈ నివేదికకు ముందే మద్రాసు ఎగ్మోరులో అనాథ బాలుర బడి నడిపిన ఆండ్రూ బెల్, ఇసుకరాతనూ పిల్లల చేత పిల్లలకు చెప్పించే పద్ధతినీ 1797లో లండన్‌లో అచ్చువేయించాడు. ఇలా నేర్పుతూనే తప్పు చూసి దిద్దడానికి నేడున్న పేరు, ‘నిర్మాణాత్మక మూల్యాంకనం’ అని మనం అనువదించుకున్న మాటను అమెరికాలో మైఖేల్ స్క్రివెన్ వాడింది 1967లో.