భగేలా పోయింది, కఫీల్ వచ్చాడు

ఉత్తర తెలంగాణ నుంచి గల్ఫ్ వలస కథను ఎండిన బావులతోనో, సిరిసిల్లలో ఆగిన మగ్గాలతోనో మొదలుపెట్టడం మనకు అలవాటు. మనిషి ఊరు ఎందుకు విడిచాడో దానివల్ల తెలుస్తుంది. అక్కడికి పోయాక నచ్చని పని ఎందుకు విడవలేకపోయాడో తెలియాలంటే మాత్రం కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో అంతకుముందు నడిచిన కూలి ఒప్పందాల చరిత్ర తిరగేయాలి. నిజాం కాలంలో పెళ్ళికో చావుకో అప్పు తెచ్చుకున్నవాడు భగేలాగా దొర దగ్గర జీతం ఉండేవాడు. బాకీ తీరేదాకా మరొకరి పనికి పోవడానికి లేదు. లెక్క రాసేది దొర మనిషే కాబట్టి బాకీ తీరేదీ కాదు, కొడుకు మెడకు చుట్టుకునేది. 1943లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందాలను అదుపు చేసే చట్టం తెచ్చింది. పోలీసు, పట్వారీ, దొర ఒక పక్షమైన ఊళ్ళో ఆ చట్టం ఎవరిని ఆదుకుంటుంది? 1976లో కేంద్రం వెట్టిచాకిరీ రద్దు చట్టం చేస్తూ భగేలా, జీత, పాలేరు, వెట్టి పద్ధతులను పేరుపేరునా అందులో చేర్చింది. అయినా 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీలు వెట్టికి ఎదురుతిరిగితే, ప్రభుత్వం ఆ రెండింటినీ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.

1976 చట్టంలో మనం పట్టించుకోని మాట ఒకటుంది. కూలి తక్కువ ఇవ్వడమే వెట్టి అని అది అనలేదు. అప్పు కారణంగా వేరే పని చూసుకునే స్వేచ్ఛ పోయినా, ఇష్టమొచ్చిన చోటికి పోయే హక్కు పోయినా అది వెట్టే అంది. 1973 తర్వాత చమురు డబ్బుతో గల్ఫ్‌లో కట్టడాలు లేచి, మన జిల్లాల యువకులు బొంబాయి మీదుగా విమానాలెక్కినప్పుడు చేతికందిన ఒప్పందాన్ని ఈ కొలతతోనే చూడాలి. వీసా రెండుమూడేళ్ళది, అదీ పనికి పిలిపించుకున్న యజమాని, అంటే కఫీల్ పేరుతో ముడిపడినది. అకామా, అంటే నివాస అనుమతి పునరుద్ధరించేది అతనే, చాలాచోట్ల పాస్‌పోర్టు దాచిపెట్టుకునేదీ అతనే. జీతం ఎగ్గొడితే కార్మికుడు లేబర్ కోర్టు మెట్లెక్కి నెలల తరబడి ఎదురుచూడాలి. కార్మికుడు పని వదిలేస్తే మాత్రం కఫీల్ ఇచ్చే ఒక్క ఫిర్యాదుతో ఖల్లివల్లి, అంటే అనుమతి లేనివాడు అయిపోతాడు, జైలుకో దేశబహిష్కారానికో సిద్ధపడాలి. మాట తప్పిన యజమానికి దావా, కార్మికుడికి జైలు!

ఇష్టపడి పోయినవాళ్ళను భగేలాలతో పోల్చడం అన్యాయం అనేవారున్నారు. పైగా కఫీల్ అప్పిచ్చినవాడు కాడు, కాబట్టి చట్టం దృష్టిలో ఇది వెట్టి కాదంటారు. రెండో మాట నిజమే. కానీ అప్పు లేదా? ఏజెంటు తీసుకోదగిన రుసుము ముప్పై వేలు, పైన జీఎస్టీ అని నిబంధన ఉంటే, లక్ష పైన కట్టి పోయినవాళ్ళు మన మండలాల్లో కోకొల్లలు. దొర ఒక్కడే చేసిన పనిని ఇప్పుడు ఇద్దరు పంచుకున్నారు: బాకీ ఊళ్ళో షావుకారు దగ్గర, కాపలా ఎడారిలో కఫీల్ దగ్గర. ఇష్టపడి పోవడమంటారా, పోయేటప్పటి ఇష్టం తిరిగి వచ్చే హక్కును రద్దు చేయదు.

మన ప్రభుత్వాల చూపు ఎప్పుడూ జీతం అంకె మీదే. 1983 ఎమిగ్రేషన్ చట్టం పదో తరగతి దాటనివారి ఒప్పందాలను పరిశీలించే ఏర్పాటు చేసింది, మంచిదే. ప్రభుత్వం ఆ అంకెనైనా నిలబెట్టిందా? 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్‌కు కనీస సిఫారసు వేతనాలను బాగా తగ్గించింది. ఎక్కువ అడిగితే ఉద్యోగాలు నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళకు పోతాయన్నది వాదన. వ్యవహారం తెలంగాణ హైకోర్టుకు చేరాక, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. అది గెలుపే, ఎందుకంటే యూఏఈలో గ్రాట్యుటీ కూడా మూల వేతనం మీదే లెక్కగడతారు. అయితే పని మారలేని మనిషికి కాగితం మీది జీతాన్ని రాబట్టుకునే బలం ఎక్కడిది?

కఫాలా, అంటే ఈ కఫీల్ పద్ధతి సడలింది కదా అంటారు. 2020లో ఖతర్ పని మారడానికి యజమాని అనుమతి అక్కర్లేదంది, 2021 మార్చిలో సౌదీ కూడా కొంత సడలించింది. కానీ సౌదీ సంస్కరణ ఇళ్ళలో పనిచేసేవారిని, ఇంటి డ్రైవర్లను, తోటమాలులను, గొర్రెల కాపరులను బయటే ఉంచింది. మన పల్లెల నుంచి అలాంటి పనులకు పోయినవాళ్ళు తక్కువేం కాదు. ఒప్పందాలను పరిశీలించే మన అధికారులు జీతం గడితో ఆగకుండా, నోటీసు ఇచ్చి పని మారే హక్కు, ఇంటికి పంపేముందు బాకీ జీతం చెల్లింపు ప్రతి ఒప్పందంలో రాయించాలి. అవి లేని ఒప్పందానికి క్లియరెన్స్ ఇవ్వకూడదు.