గ్రౌండు కూడా ఆడుతుంది

చరిత్ర వ్యాసం అంటే రాజుల గురించో, స్వాతంత్ర్య పోరాటం గురించో రాయాలని అందరికీ తెలుసు. పోయిన ఏడాది నేను విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుని గురించి రాశాను. ఈ ఏడాది ఒక వీడియో గేమ్ గురించి రాస్తానంటే మా సోషల్ సార్ నవ్వారు. "దాంట్లో చరిత్ర ఎక్కడుందిరా?" అన్నారు. "ఉంటే రాయి, లేకుంటే వేరే టాపిక్ చూసుకో" అని కూడా అన్నారు. ఉందనే నా నమ్మకం. చదివి మీరే చెప్పండి.

పొంగల్ సెలవులకి కోయంబత్తూరులో మా మామ ఇంటికి పోయాను. అటక మీద ఒక పాత గేమ్‌క్యూబ్ దొరికింది. మామ స్నేహితుడు ఎప్పుడో విదేశం నుంచి తెచ్చి ఇచ్చాడంట. దాంతో ఉన్నది ఒకటే డిస్కు, దాని పేరు మారియో సూపర్‌స్టార్ బేస్‌బాల్. నింటెండో వాళ్ళు 2005లో విడుదల చేసిన ఆట ఇది. తయారు చేసింది నామ్కో, నౌ ప్రొడక్షన్ అనే జపాన్ కంపెనీలు. బేస్‌బాల్ అంటే ఏమిటో నాకు తెలియదు, మామకీ సరిగ్గా తెలియదు. "క్రికెట్టు లాంటిదే, కాని వెనక్కి కొడితే లెక్కలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటతోనే మొదలుపెట్టాం.

ఆ ఆటలో మారియో, లుయీజీ, పీచ్ రాకుమారి, యోషి, వారియో, డాంకీ కాంగ్, బౌజర్ లాంటి కార్టూన్ బొమ్మలు జట్లుగా ఆడతాయి. నాకు బొమ్మల కంటే స్టేడియంలే ఆశ్చర్యంగా అనిపించాయి. మారియో స్టేడియం మామూలుది, గడ్డి, గోడ, జనం, అంతే. పీచ్ తోటలో బయటి మైదానంలో ఇటుకల దిమ్మెలు అడ్డం వస్తాయి. వారియో కోట ఎడారిలో ఉంటుంది, అక్కడ సుడిగాలి లేస్తుంది. గొలుసు కట్టిన నల్ల గుండు లాంటి చెయిన్ చాంప్ అనే జంతువు కూడా అక్కడే ఉంటుంది. యోషి పార్కులో పళ్ళున్న మొక్కలు బంతిని మింగి వేరే దిక్కుకి ఉమ్మేస్తాయి. డాంకీ కాంగ్ అడవిలో పీపాలు దొర్లుకుంటూ వస్తాయి. బౌజర్ కోటలో పెద్ద రాతి ముఖాలు పైనుంచి ధబీమని పడతాయి. 2008లో వీ అనే యంత్రానికి వచ్చిన రెండో ఆట మారియో సూపర్ స్లగ్గర్స్‌లో ఇంకా కొత్త స్టేడియంలు ఉన్నాయి. డెయిసీ ఓడ మీద ఆడితే ఓడ ఊగినప్పుడు బల్లలు జారతాయి. లుయీజీ బంగ్లాలో ఆట రాత్రిపూటే, సమాధి రాళ్ళ మధ్య. ఇది నేను ఆడలేదు, వీడియోలు చూశాను.

యోషి పార్కులో నేను ఒక మంచి షాట్ కొట్టాను. బంతిని మొక్క మింగేసింది. "ఇది మోసం మామా" అని గట్టిగా అరిచాను. మామ టీవీ మీంచి చూపు తిప్పకుండానే "మీ గ్రౌండులో వేపచెట్టు లేదా? అదేం చేస్తుంది?" అని అడిగాడు.

నిజమే. మా ఊరు పళనికి దగ్గరే, గ్రౌండులో నిలబడితే కొండ కనిపిస్తుంది. మా గ్రౌండు మధ్యలో, కొంచెం ఎడమ వైపు, ఒక వేపచెట్టు. కొమ్మలకి తగిలి కింద పడే బంతిని పట్టినా ఔట్ కాదు. దక్షిణం పక్క పాడుబడిన బావి, అందులో పడితే కొట్టినవాడు ఔట్, పైగా బంతిని బయటికి తీసే పని కూడా వాడిదే. ముళ్ళకంపలో పడితే రెండు పరుగులు డిక్లేర్, ఎవరూ పరుగెత్తనక్కరలేదు. తైపూసం రోజుల్లో నడక భక్తులు అక్కడే దిగి వంట చేసుకుంటారు. అప్పుడు పైకి కొట్టడం పూర్తిగా నిషేధం, ఎందుకంటే ఒకసారి బంతి వాళ్ళ సాంబారు గిన్నెలో పడింది. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. కొత్తగా వచ్చిన పిల్లవాడికి ముందు ఇవి చెప్పి, తర్వాతే బ్యాటు ఇస్తాం.

ఇలాంటి నియమాలు మాకు ఒక్కరికే కాదు. ఇంగ్లండులో కాంటర్‌బరీ ఊరి సెయింట్ లారెన్స్ క్రికెట్ మైదానంలో, బౌండరీ గీత లోపలే ఒక లైమ్ చెట్టు ఉండేది. బంతి చెట్టుకి తగిలితే నాలుగు పరుగులు. పెద్ద పెద్ద జట్లు కూడా ఆ నియమానికి ఒప్పుకునే ఆడాయి. ఆ చెట్టు 2005 జనవరిలో గాలివానకి విరిగిపోయింది. మారియో ఆట వచ్చిన సంవత్సరమే.

బేస్‌బాల్ చరిత్ర చదివితే అది ఇంకా విచిత్రం. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు, ఇది ఎక్కడైనా ఒకటే. కాని బయటి గోడ ఎంత దూరం ఉండాలనేది పాతకాలంలో స్థలాన్ని బట్టి పోయేది. ఊరి మధ్యలో దొరికిన జాగాలో స్టేడియం కట్టేవారు, వీధి అడ్డం వస్తే గోడ అక్కడ ఆగిపోయేది. బోస్టన్‌లో 1912లో తెరిచిన ఫెన్‌వే పార్కుకి ఎడమ వైపు వీధి ఉంది. అందుకే అక్కడ గోడ దగ్గరగా వచ్చింది, దూరం తక్కువ కాబట్టి ఎత్తు 37 అడుగులు. దాన్ని ఆకుపచ్చ రాక్షసి అని పిలుస్తారు. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ గోడకి 1937లో తీగ మొక్కలు నాటారు. బంతి ఆకుల్లో ఇరుక్కుంటే కొట్టినవాడికి రెండు బేస్‌లు ఇస్తారు. మా ముళ్ళకంప నియమమూ అదే కదా! మొక్క బంతిని మింగడం కార్టూన్ వాళ్ళ కల్పన అనుకున్నాను. షికాగోలో అది కొన్ని పదుల ఏళ్ళుగా జరుగుతూనే ఉంది.

అన్నిటికన్నా నాకు నచ్చింది న్యూయార్కులోని పోలో గ్రౌండ్స్ కథ. అది పొడుగ్గా గుర్రపు నాడా ఆకారంలో ఉండేది. కుడి పక్క గీత దగ్గర గోడ దాదాపు 258 అడుగులే, మధ్యలో మాత్రం 450 అడుగులు దాటి ఉండేది. 1954 సెప్టెంబర్ 29న వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో క్లీవ్‌లాండ్ జట్టు ఆటగాడు విక్ వర్ట్జ్ సుమారు 420 అడుగులు కొట్టాడు. చాలా స్టేడియంలలో అది హోమ్ రన్. ఇక్కడ గోడ ఇంకా వెనక ఉంది కాబట్టి విల్లీ మేస్ వెనక్కి పరుగెత్తి, తల మీదుగా వస్తున్న బంతిని పట్టేశాడు. అదే ఆటలో పదో ఇన్నింగ్స్‌లో డస్టీ రోడ్స్ కుడి పక్కకి సుమారు 260 అడుగులే కొట్టాడు. అది హోమ్ రన్ అయింది, న్యూయార్కు జట్టు గెలిచింది. 420 కొట్టినవాడు ఔట్, 260 కొట్టినవాడు హీరో. ఆ రోజు గెలిపించింది ఎవరంటే, నా లెక్కలో సగం గ్రౌండే. ఆ స్టేడియాన్ని 1964లో కూల్చేశారు. 1958 జూన్ తర్వాత కట్టే మైదానాలకి పక్క గోడలు కనీసం 325 అడుగులు, మధ్య గోడ 400 అడుగులు ఉండాలని నియమం ఉంది. న్యాయమైన నియమమే, కాని పోలో గ్రౌండ్స్ లాంటి కథ ఇక పుట్టదు.

మన తెలుగువాడి కథ కూడా ఒకటి ఉంది. భారత క్రికెట్ జట్టు మొదటి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు, అంటే మనలాగే ఆంధ్రా బయటి తెలుగువారు. 1932లో ఇంగ్లండులోని ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో ఆయన కొట్టిన సిక్సర్ పక్కనున్న రీ నది దాటి పడిందంట. అప్పట్లో ఆ నది రెండు జిల్లాలకి సరిహద్దు, కాబట్టి బంతి పక్క జిల్లాలో పడిందని క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నది అక్కడ లేకుంటే అది కూడా మామూలు సిక్సరే.

ఇక మినీ గేములు. అసలు ఆట కాకుండా చిన్న చిన్న ఆటలు కొన్ని ఆ డిస్కులో ఉన్నాయి. ఒకదాంట్లో వచ్చే బాంబు బొమ్మల్ని బ్యాటుతో కొడితే ఆకాశంలో బాణసంచా పేలుతుంది. ఒకదాంట్లో బంతి విసిరి గోడలు పగలగొట్టాలి. ఇంకోదాంట్లో చెయిన్ చాంప్ నిద్రపోతున్నప్పుడు బేస్‌ల చుట్టూ పరుగెత్తాలి, అది లేస్తే ఆగిపోవాలి. గమనిస్తే ఒక్కో చిన్న ఆట పెద్ద ఆటలోని ఒక్క పనినే నేర్పిస్తుంది: కొట్టడం, విసరడం, పరుగెత్తడం.

ఇది చెబితే మా అవ్వ "మాకూ ఉండేవి" అంది. ఏడు పెంకులాటలో గురి, పరుగు. బిళ్ళంగోడులో కొట్టడం, పట్టడం. బిళ్ళంగోడు అంటే మా వీధి తమిళ పిల్లలు కిట్టిపుళ్ అనేదే. చిన్న బిళ్ళని కోడుతో పైకి లేపి కొట్టాలి. దూరం కొలిచేది కూడా ఆ కోడుతోనే. ఎవరి కోడు పొడుగైతే వాళ్ళ లెక్క తక్కువ వస్తుంది కాబట్టి కొలిచేటప్పుడే ఎక్కువ తగాదాలంట! అవ్వ ఆడింది మేమాడే గ్రౌండులోనే. అప్పుడు వేపచెట్టు ఆమె నడుమంత ఎత్తు. ఆ ఆటలో వాడే మాటలు కొన్ని అవ్వ చెప్పింది, నేను మొదటిసారి విన్నాను. మేం గ్రౌండులో తమిళంలో అరుస్తాం, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడతాం. అవ్వ కాలంలో గ్రౌండులో కూడా తెలుగే.

గ్రౌండుని మోసుకుపోవచ్చా? రెండు చోట్ల మోసుకుపోయారు. ఒకటి నాగార్జునకొండ. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడ ఉండేది. తవ్వకాల్లో ఒక ఆటస్థలం బయటపడింది. మధ్యలో దీర్ఘచతురస్రాకారపు లోతైన జాగా, నాలుగు వైపులా జనం కూర్చునే మెట్లు. అక్కడ మల్లయుద్ధాలు, సంగీతం, నాటకాలు జరిగి ఉంటాయని చెబుతారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన చేశారు, ఆ లోయ నీటిలో మునగాల్సి వచ్చింది. అప్పుడు ఆ ఆటస్థలాన్ని అనుపు అనే చోటికి తీసుకుపోయి మళ్ళీ కట్టారు. మెట్లు వచ్చాయి. వాటి మీద కూర్చుని ఎవరు ఏమని అరిచేవారో, ఏ నియమానికి తగాదా పడేవారో, అవి రాలేదు.

రెండోది జపాన్. అక్కడ 1924లో కట్టిన కోషియెన్ స్టేడియంలో హైస్కూలు పిల్లల బేస్‌బాల్ పోటీలు జరుగుతాయి. ఓడిపోయిన జట్టు పిల్లలు ఏడుస్తూ ఆ మట్టిని సంచుల్లో నింపుకుని ఇంటికి తీసుకుపోతారు. 1958లో ఒకినావా దీవి నుంచి షురి హైస్కూలు జట్టు వచ్చింది. ఆ రోజుల్లో ఒకినావా అమెరికా పాలనలో ఉండేది. పిల్లలు ఓడిపోయి మట్టి తీసుకుని ఓడలో తిరిగి పోతే, బయటి మట్టి లోపలికి రాకూడదనే నియమం వల్ల దాన్ని సముద్రంలో పారబోశారు. ఈ సంగతి తెలిసి ఒక విమాన ఉద్యోగిని కోషియెన్ నుంచి గులకరాళ్ళు ఏరి వాళ్ళకి పంపించింది. రాయికి ఆ నియమం లేదు కదా.

ఈ కథ నేను మా జట్టుకి చెప్పాను. ఎందుకంటే పొంగల్ అయి నేను ఊరికి తిరిగొచ్చేసరికి మా గ్రౌండులో ఎర్ర రంగు పూసిన రాళ్ళు నాటి ఉన్నాయి. ప్లాట్లు వేశారు. బావిని కంకరతో పూడ్చేశారు. వేపచెట్టు ఇంకా ఉంది, కాని ఒక ప్లాటు మూలలో. ఇప్పుడు మేం రోడ్డు పక్కనున్న సన్న జాగాలో ఆడుతున్నాం, అక్కడ గోడకి తగిలితే ఒకటి, దాటితే ఔట్. నేరుగా కొట్టడం తప్ప వేరే షాట్ లేదు. పక్కకి కొట్టే అబ్బాయి ఒకడు మా జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు, వాడు ఇప్పుడు ఆటకే రావడం లేదు.

"మనం కూడా మట్టి తీసుకుందామా?" అని నేను అడిగితే ఒకడు "రోజూ నిక్కరు నిండా తీసుకుపోయాం, మా అమ్మ తిట్టి ఊడ్చి పారేసింది" అన్నాడు. అందరం నవ్వాం. మట్టికి బదులు నియమాలు రాద్దామని నోటు పుస్తకం ఒకటి తీశాను. అవ్వ చెప్పిన బిళ్ళంగోడు మాటలు మొదటి పేజీలో రాశాను, తర్వాత మా గ్రౌండు నియమాలు. ఇప్పటికి పందొమ్మిది అయ్యాయి. బావి నియమం, తైపూసం నియమం అందరూ ఒప్పుకున్నారు. వేపచెట్టు బోదెకి తగిలితే రెండా, నాలుగా అనేది మాత్రం ఇంకా తెగలేదు.