జకాత్ ఎంతో తెలిస్తే అసలు సొమ్ము ఎంతో కనుక్కోవడం ఎలా?

చాలా ఇళ్లలో పాత రమజాన్ లెక్కల్లో మిగిలేది ఒక్క అంకె: ‘జకాత్ 6,500’. ఎంత సొమ్ము మీద అంత ఇచ్చారో రాసి ఉండదు. రాసిన పెద్దలు లేకపోతే అడగడానికీ వీలుండదు. అయినా శాతం తెలుసు కాబట్టి అసలు మొత్తాన్ని రాబట్టవచ్చు.

నగదు, బంగారం, వెండి, వ్యాపార సరుకు మీద జకాత్ 2.5 శాతం. అంటే నలభైలో ఒక వంతు. మొత్తాన్ని 40తో భాగిస్తే జకాత్ వస్తుంది కదా, తిరగేసి జకాత్‌ను 40తో గుణిస్తే మొత్తం వస్తుంది. 6,500 × 40 = 2,60,000 రూపాయలు. ఆ ఏడాది నగలు, బ్యాంకు సొమ్ము కలిపి మూడున్నర లక్షలు ఉన్నాయని ఇంట్లోవాళ్లకు తెలిస్తే, 90,000 లెక్కలోకి రాలేదన్నమాట. అప్పులు తీసేసి లెక్కించారా, నగలు మరిచారా అన్నది విచారించుకోవాలి. (వాడుకునే నగల మీద హనఫీల ప్రకారం జకాత్ ఉంది, షాఫయీల ప్రకారం లేదు.) నిజంగానే మరిచి ఉంటే బాకీ 2,250 రూపాయలు.

40తో గుణించడం 2.5 శాతానికే పనికొస్తుంది. ఏ శాతానికైనా పనిచేసే సూత్రం: భాగం × 100 ÷ శాతం. 2.5 శాతం హిజ్రీ సంవత్సరానిది. ఇంగ్లీషు సంవత్సరం ప్రకారం లెక్కించేవాళ్లు 2.577 శాతం తీసుకుంటారు. అప్పుడు అదే 6,500కు మొత్తం సుమారు 2,52,231 అవుతుంది.

ఉష్ర్ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వర్షాధారపు పంటకు 10 శాతం, మోటారు పెట్టి నీళ్లు తోడిన పంటకు 5 శాతం. ఒక రైతు మూడు బస్తాల వడ్లు ఉష్ర్‌గా ఇచ్చాడంటే పంట మొత్తం 30 బస్తాలా, 60 బస్తాలా? నీళ్లు ఎలా పెట్టాడో తెలియకుండా చెప్పలేం.

ఎక్కువమంది పొరబడేది మాత్రం ఇక్కడ: జకాత్ తీసేశాక 1,95,000 మిగిలింది, ముందు ఎంత ఉండేది? దీనికి 2.5 శాతం కలిపితే 1,99,875 వస్తుంది, అది తప్పు. ఆ శాతం మిగిలినదాని మీద కాదు, మొదటి మొత్తం మీద. మిగిలింది 97.5 శాతం కాబట్టి 1,95,000 × 100 ÷ 97.5 = 2,00,000. సరిచూసుకోవడం తేలికే: రెండు లక్షల్లో 2.5 శాతం 5,000, తీసేస్తే 1,95,000.