లెక్క చేతులు మారే చోట

నార్వే పడమటి తీరంలో స్టావంగర్ పట్నం దగ్గర గాండ్స్‌ఫియార్డ్ అనే సముద్రపు పాయ ఉంది. 1991 ఆగస్టు 23న అక్కడ స్లైప్నర్ ఎ అనే చమురు, సహజవాయు వేదిక తాలూకు కాంక్రీటు పునాదిలోకి నీళ్లు నింపుతూ, దాన్ని పరీక్ష కోసం మెల్లగా కిందికి దింపుతున్నారు. ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున కూర్చోవలసిన కట్టడం అది. అడుగున 16,000 చదరపు మీటర్ల మేర 24 గదులు ఉన్నాయి. వాటిలో నాలుగు పైకి సాగి, 57,000 టన్నుల డెక్కును మోసే బురుజులవుతాయి. నీటి మట్టం సుమారు 65 మీటర్లకు చేరేసరికి లోపల ఒక గోడ పగిలింది. పంపులు తోడే నీటికన్నా లోపలికి దూసుకొచ్చే నీరు ఎక్కువైంది. మీదున్నవాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు గానీ కట్టడం దక్కలేదు. అది మునిగి, 220 మీటర్ల లోతున శిథిలాల కుప్పగా మిగిలింది. అది కూలిన అదురు రిక్టర్ స్కేలుపై 3.0గా నమోదైంది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు.

కారణం కోసం నార్వే పరిశోధన సంస్థ సింటెఫ్ లోతుగా దర్యాప్తు చేసింది. గుండ్రటి గదులు ఒకదానినొకటి తాకే చోట మధ్యలో ముక్కోణపు ఖాళీలు మిగులుతాయి. వాటిలోకి సముద్రపు నీరు వస్తుంది కాబట్టి ఆ ముక్కోణపు గోడల మీద నీటి ఒత్తిడి పూర్తిగా పడుతుంది. ఆ గోడలను నాస్ట్రాన్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామ్‌తో విశ్లేషించారు. కానీ గోడను విడగొట్టిన చిన్న భాగాలు మరీ పెద్దవిగా, వంకరగా ఉన్నాయి. పైగా భాగం లోపల దొరికిన విలువల నుంచి గోడ అంచు దగ్గరి బలాన్ని ఒక వంపుగీత ఆధారంగా అంచనా వేశారు. ఫలితంగా గోడను అడ్డంగా కోసే బలం, ఇంజనీర్లు షియర్ అనేది, 47 శాతం తక్కువగా లెక్కకొచ్చింది. ఇనుము ఎంత వేయాలో ఆ తక్కువ అంకె మీదే నిర్ణయమైంది, ఆ ఇనుప కడ్డీల అమరికలోనూ లోపం ఉంది. ప్రమాదం తర్వాత మరింత శ్రద్ధగా చేసిన విశ్లేషణ, గోడ 62 మీటర్ల దగ్గర విఫలమవుతుందని చూపింది. అసలు పగిలిన లోతుకు ఇది చాలా దగ్గర. అంటే సిద్ధాంతం సరైనదే, కంప్యూటర్ కూడా తన కూడికల్లో తప్పలేదు. గోడలోని బలాన్ని విశ్లేషణలోంచి తీసి, ఇనుము లెక్కకు అప్పగించే దారిలో నిజం తరిగిపోయింది. కట్టడాల భద్రతలో ఈ అప్పగింతకు దక్కవలసినంత గౌరవం ఇప్పటికీ దక్కడం లేదన్నదే ఈ వ్యాసం వాదన.

అప్పగింత అనే అవసరమే లేని కాలం ఒకటి ఉండేది. అమెరికా ఇంజనీర్ హార్డీ క్రాస్ 1930లో మూమెంట్ల, అంటే వంచే ప్రభావాల, పంపిణీ పద్ధతిని ప్రచురించాక, బహుళ అంతస్తుల ఫ్రేమును కాగితం, పెన్సిలుతో లెక్కించడం మామూలు ఇంజనీరుకూ సాధ్యమైంది. స్లాబు బరువు బీముకు, బీము నుంచి కాలమ్‌కు, కాలమ్ నుంచి ఫుటింగుకు దిగే క్రమమంతా ఒకే చేతిరాతలో నడిచేది. ఫుటింగు లెక్క వేసేవాడికి ఆ బరువు ఏ అంతస్తులో ఏ ఊహతో పుట్టిందో తెలుసు, ఎందుకంటే ఆ ఊహ అతనిదే. ఆ పద్ధతికి పరిమితులు చాలా ఉన్నాయి. అయినా అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోయే వీలు అందులో తక్కువ. కంప్యూటర్ వచ్చాక చిత్రం మారింది. విమానాల రెక్కలను విశ్లేషించే పనిలోంచి 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్‌ల ప్రసిద్ధ వ్యాసం వచ్చింది. కట్టడాన్ని చిన్న భాగాలుగా విడదీసి లెక్కించే ఆ విధానానికి ఫైనైట్ ఎలిమెంట్ అనే పేరును 1960లో బర్కిలీ ఆచార్యుడు రే క్లఫ్ స్థిరపరిచాడు. నాస్ట్రాన్ కూడా అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అవసరాల కోసం పుట్టి, తర్వాత సముద్రపు కట్టడాల దాకా వచ్చింది.

భవనాల వైపు చూస్తే, బర్కిలీలోనే ఎడ్వర్డ్ విల్సన్ 1970లో శాప్ అనే సాధారణ విశ్లేషణ ప్రోగ్రామును తెచ్చాడు. 1972లో డోవీతో కలిసి టాబ్స్‌ను, 1975లో హాలింగ్స్ కూడా తోడై ఈటాబ్స్‌ను రాశారు. బహుళ అంతస్తుల భవనాలకు వేరే ప్రోగ్రాము ఎందుకంటే, నాటి యంత్రాల జ్ఞాపకశక్తి చాలా తక్కువ. ప్రతి అంతస్తు స్లాబునూ తన తలంలో వంగని పలకగా ఊహిస్తే తెలియని రాశుల సంఖ్య ఒక్కసారిగా తగ్గి, ఎత్తయిన భవనం ఆ చిన్న యంత్రంలో పట్టేది. తెలివైన ఉపాయమే గానీ దానికి ఒక వెల ఉంది. స్లాబును వంగని పలకగా చూసే ప్రోగ్రాము ఆ స్లాబులోపలి బలాలను తానే చెప్పలేదు. ఆ పనికి మరో ప్రోగ్రాము కావాలి, పునాదికి ఇంకొకటి, ఉక్కు జాయింట్లకు వేరొకటి. ప్రతి ప్రోగ్రామూ తన పనికి పనికొచ్చే ఊహలు చేసుకుంది. ఈ విభజన యంత్రాల పేదరికంలో మొదలైనా, యంత్రాలు బలపడ్డాక కూడా పోలేదు. నేడు ఒక్క భవనం కాలమ్, గోడ బలాలు విశ్లేషణ ప్రోగ్రాము నుంచి ఎక్సెల్ పట్టికకు, పట్టిక నుంచి పునాది ప్రోగ్రాముకు, ఒక కార్యాలయం నుంచి మరో కార్యాలయానికి ప్రయాణిస్తాయి.

ఈ ప్రయాణంలో పోయేదేమిటో తెలియాలంటే బలం అంటే ఏమిటో చూడాలి. కాలమ్ వెడల్పు కాలమ్‌దే, ఎవరు కొలిచినా ఒకటే. కాలమ్‌లోని బలం అలా కాదు. ఎక్కడ కోసి చూశారు, ఏ దిక్కును ధనమన్నారు, ఏ బరువుల కలయికకు లెక్కించారు, ఏ యూనిట్లలో రాశారు అన్నవి తోడుంటేనే ఆ అంకెకు అర్థం. ఇవి లేని బలం నాలుగు వైపులా హద్దులు రాయని భూమి దస్తావేజు లాంటిది. విస్తీర్ణం కచ్చితంగానే ఉంటుంది, భూమి ఎక్కడుందో మాత్రం తెలియదు. మన కార్యాలయాల్లో బాగా వాడే రెండు ప్రోగ్రాములనే చూడండి. ఈటాబ్స్ కాలమ్ మీది నొక్కుడు బలాన్ని రుణ గుర్తుతో చూపుతుంది, స్టాడ్ దాన్ని ధనంగా చూపుతుంది. ఈటాబ్స్‌లో పైకి వెళ్లే అక్షం జెడ్, స్టాడ్‌లో మామూలుగా వై. రెండూ సరైనవే. కానీ ఒకదాని పట్టికను గుర్తులు చూడకుండా రెండోదాని అలవాటుతో చదివితే, నొక్కుడులో ఉన్న కాలమ్ లాగుడులో ఉన్నట్టు, బలమైన దిక్కున పడే మూమెంట్ బలహీనమైన దిక్కున పడ్డట్టు కనిపిస్తుంది. కాంక్రీటు కాలమ్ ఎంత మూమెంట్ తట్టుకుంటుందన్నది దాని మీది నొక్కుడును బట్టి మారుతుంది కాబట్టి, ఒక్క గుర్తు తారుమారైతే మొత్తం డిజైను తారుమారవుతుంది. ఇది మరీ ప్రాథమికమైన పొరపాటు, అనుభవజ్ఞులు చేయరు అనిపించవచ్చు. కానీ 1999 సెప్టెంబరు 23న నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌకను పోగొట్టుకున్నది సరిగ్గా ఇలాంటి చోటే. ఒక సాఫ్ట్‌వేర్ బలపు ప్రేరణను పౌండ్-సెకన్లలో రాసింది, దాన్ని అందుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకన్లుగా చదివింది. తేడా సుమారు నాలుగున్నర రెట్లు. రెండు వైపులా ఉన్నవాళ్లు ఆ రంగంలో ఆరితేరినవారే.

గోడల విషయం కాలమ్‌లకన్నా కఠినం. కాలమ్‌కు ప్రోగ్రాము నేరుగా ఒక నిలువు బలం, రెండు షియర్‌లు, రెండు మూమెంట్లు, ఒక మెలిక ఇస్తుంది. గోడను వందల చిన్న పలకలుగా లెక్కించినప్పుడు దొరికేవి ఆయా బిందువుల దగ్గరి ప్రతిబలాలు మాత్రమే. గోడంతటి మీద పడే బలం కావాలంటే ఒక గీత వెంట కోసి, ఆ ప్రతిబలాలను కూడాలి. గీత ఎక్కడ గీయాలి? తలుపు ఖాళీ పక్కన రెండు ముక్కలుగా ఉన్న గోడ ఒకటా, రెండా? లిఫ్టు చుట్టూ ఉన్న గోడలను కలిపి ఒక పెట్టెగా చూడాలా, విడివిడిగానా? మూమెంట్‌ను ఏ కేంద్రం చుట్టూ లెక్కించాలి? వీటికి జవాబిచ్చేది ఇంజనీరు, ప్రోగ్రాము కాదు. కానీ పట్టికలో ఆ జవాబులుండవు, చివరి అంకె మాత్రం దశాంశాలతో సహా ఉంటుంది. స్లైప్నర్‌లో జరిగిందీ ఇదే తరగతికి చెందుతుంది. అంచు దగ్గరి షియర్ ఒక అంచనా అనే సంగతి, అది ఇనుము లెక్కలోకి చేరేసరికి మరుగున పడి, కొలిచిన నిజంలా చలామణీ అయింది.

మూడో నష్టం ఇంకా సూక్ష్మమైనది. వేల బరువుల కలయికల ఫలితాలను అప్పగించడం కష్టమని, ప్రతి కాలమ్‌కూ అత్యధిక నొక్కుడు, అత్యధిక మూమెంట్ మాత్రమే పట్టికలో పెట్టడం అలవాటు. ఆ రెండూ ఒకే క్షణంలో పుట్టినవి కాకపోవచ్చు. అత్యధిక మూమెంట్ తక్కువ నొక్కుడుతో కలిసి వచ్చినప్పుడే కాలమ్‌కు ఎక్కువ ప్రమాదం కావచ్చు. ఆ జంట పట్టికలో లేకుండా పోతుంది. భూకంపపు విశ్లేషణలో ఇది మరింత ముదురుతుంది. వేర్వేరు కంపన రీతుల ఫలితాలను వర్గాలుగా చేసి కలిపే పద్ధతుల్లో, 1981లో విల్సన్, డెర్ కియురేఘియన్, బాయో ప్రతిపాదించిన సీక్యూసీతో సహా, తుది అంకెలన్నీ గుర్తులు కోల్పోయి ధనంగానే మిగులుతాయి. వాటిని అలాగే పునాది ప్రోగ్రాములో పెడితే, భవనం ఒక వైపు ఒరిగినప్పుడు ఒక కాలమ్ నొక్కుతూ ఎదుటి కాలమ్ లేస్తుందన్న సంగతి మాయమై, అన్నీ ఒకేసారి నొక్కుతున్నట్టు కనిపిస్తుంది. భవనం కింది రాఫ్టు పునాది ఒక మూల లేచే ప్రమాదం అలా కంటికి కనిపించకుండా పోతుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఇవన్నీ మనుషుల తప్పులే, అప్పగింతను నిందించడమెందుకు అన్నది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ పైకప్పు దీనికి ఉదాహరణగా చెబుతారు. 1978 జనవరి 18న, దాదాపు 5,000 మంది బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లిన కొద్ది గంటలకే, మంచు బరువుకు ఆ కప్పు కూలింది. పైవరుస ఉక్కు కమ్మీలకు మధ్యలో ఆసరా ఉందని లెక్కలో ఊహించారు, కట్టిన జాయింట్లు ఆ ఆసరాను సరిగా ఇవ్వలేదు. ఊహ తప్పిందన్నది నిజమే. కానీ ఆ ఊహ లెక్కలోనే ఆగిపోయింది, జాయింటు గీసినవాళ్లకు షరతుగా అందలేదు. నిర్మాణంలో కప్పు కుంగుదల లెక్కకు రెట్టింపు కనిపించినా, లెక్కను తిరిగి ప్రశ్నించే దారి పనిచేయలేదు. మనిషి తప్పు చేస్తాడని తెలిసే కదా మనం పద్ధతులు పెట్టుకుంటాం. ఊహలను మోసుకెళ్లని అప్పగింత, ఆ తప్పును కనిపెట్టే చివరి అవకాశాన్ని కూడా తీసేస్తుంది.

అన్నీ చేసే ఒకే ప్రోగ్రాము ఉంటే, లేదా అందరూ ఒకే ఫైలు రూపం వాడితే సమస్య తీరదా అన్నది రెండో అభ్యంతరం. ఇందులో సగం నిజముంది. సమాచారం సాఫీగా చేతులు మారకపోవడం వల్ల అమెరికా నిర్మాణ పరిశ్రమకు ఏటా 1,580 కోట్ల డాలర్ల నష్టమని అక్కడి ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో అంచనా వేసింది. ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి రూపం 2013లో పూర్తి అంతర్జాతీయ ప్రమాణమైంది. టైపు తప్పులు, యూనిట్ల గందరగోళం దీంతో తగ్గుతాయి, ఆ ప్రయత్నం సాగాల్సిందే. కానీ ఉమ్మడి ఫైలు విలువను మోసినంత సులువుగా నిర్ణయాన్ని మోయదు. గోడను ఎక్కడ కోయాలన్న వివేకం ఫైలులో ఇమడదు. ఒకే ప్రోగ్రాములోనూ విశ్లేషణ విభాగం నుంచి డిజైను విభాగానికి అప్పగింత జరుగుతూనే ఉంటుంది, కాకపోతే అది కంటికి కనిపించదు. కనిపించని అప్పగింతను తనిఖీ చేయాలన్న ఆలోచన రావడం ఇంకా కష్టం.

అంత తనిఖీకి సమయం ఎక్కడిదన్నది మూడో అభ్యంతరం. దీనికి జవాబు స్లైప్నర్ కథలోనే ఉంది. కట్టడం మునిగాక, గ్యాసు సరఫరా ఒప్పందపు గడువు నెత్తిన ఉండగా, కంప్యూటర్ ఫలితాల కోసం ఆగకుండా కొత్త పునాదిని స్లైడ్ రూలు కాలపు చేతి లెక్కలతోనే డిజైను చేశారు. కొత్త కంప్యూటర్ ఫలితాలు అందేసరికే డిజైను పూర్తయింది. 1993లో ఆ వేదిక సముద్రంలో నిలబడింది. నిజానికి తనిఖీకి పట్టే సమయం చాలా తక్కువ. అన్ని కాలమ్‌ల, గోడల అడుగు బలాలు కూడితే భవనం మొత్తం బరువు రావాలి. నీరు నొక్కే గోడ మీద రెండు అంచుల షియర్ కలిపితే నీటి మొత్తం తోపుడుకు సరిపోవాలి. గుర్తులు పోయిన భూకంప ఫలితాలకు ఈ సమతుల్యం నేరుగా వర్తించదన్న మాట సరైనదే. అందుకే వాటిని కలపకముందు, ఒక్కో కంపన రీతికి విడిగా ఈ పరీక్ష పెట్టి, ఆ తర్వాత అప్పగించాలి.

హైదరాబాద్ పడమటి అంచున కోకాపేట, నార్సింగి వైపు 40 అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్న కాలంలో ఇది మన ప్రశ్న కూడా. 50 మీటర్లు దాటిన కాంక్రీటు భవనాలకు భారత ప్రమాణాల సంస్థ 2017లో ఐఎస్ 16700 అనే ప్రత్యేక ప్రమాణం తెచ్చింది. అలాంటి భవనానికి విశ్లేషణ ఒకరు, పునాది మరొకరు, సమీక్ష ఇంకొకరు చేయడం మంచిదే, పలు కళ్లు పడతాయి. కానీ వాళ్ల మధ్య నడిచే పట్టికకు హద్దులు రాయాలన్న నియమం లేకపోతే ఆ కళ్లన్నీ ఒకే అర్థం లేని అంకెను చూస్తాయి. కాబట్టి బలాల పట్టిక ప్రతిదానికీ ముందొక పుట ఉండాలి. అక్షాలు, గుర్తులు, యూనిట్లు, బరువుల కలయికలు, గోడను కోసిన చోట్లు, చేసిన ఊహలు, అందుకున్నవారు సమతుల్యం సరిచూశామని పెట్టిన సంతకం అందులో ఉండాలి. ఆంధ్ర, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రోగ్రాము బటన్లు నేర్పే ప్రతి పాఠంతో పాటు, దాని ఫలితాన్ని చేతి లెక్కతో నిలదీసే పాఠమూ నేర్పాలి. నొక్కగానే అంకెలు వచ్చే రోజుల్లో ఇంజనీరు విలువ అంకె పుట్టించడంలో లేదు. ఆ అంకె ఏ షరతుల మీద నిజమో చెప్పి, ఆ షరతులతో సహా పక్కవారికి అందించడంలో ఉంది.